జీడితోటలో స్టైలో గడ్డి ఎలా వెయ్యాలి, మొదటి ఏడాది ఎందుకు మేపకూడదు

మా తోట విశాఖ దగ్గర ఆనందపురం దాటి పద్మనాభం వెళ్ళే వైపు ఉంది. ఎర్రనేల, కొంచెం వాలు, మూడెకరాల జీడి, గట్ల మీద కొన్ని మామిడి చెట్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సగం చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, అప్పటిదాకా నీడలో, రాలిన ఆకు కింద ఉన్న నేల మీద నేరుగా ఎండ పడటం మొదలైంది, రెండేళ్ళు తిరిగేసరికి నేలంతా బోడిగా తయారై ఒక్కో వానకి కింద గెడ్డలోకి ఎర్రటి నీళ్ళు పారుతుంటే ఆ రంగు మన తోట మట్టిదే కదా అని కడుపు తరుక్కుపోయేది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినోళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, పైన ఏ కప్పూ లేకపోతే వాననీళ్ళు ఎర్రమట్టిని ఎంత లోతుగా కోసుకుంటూ పోతాయో అక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

అదే టైంలో ఇంట్లో రెండు ఆవులు, ఒక పెయ్య. ఎండుగడ్డి కొనాలి, తెలకపిండి కొనాలి, పాల డబ్బులు వచ్చినవి వచ్చినట్టే దాణాకి పోతున్నాయి. నేలకి కప్పు కావాలి, పశువుకి మేత కావాలి, రెండూ ఒకే మొక్క ఇవ్వగలదా అని వెతుక్కుంటే దొరికింది స్టైలో. ఇప్పుడు మా తోటలో చెట్ల వరసల మధ్య అదే ఉంది. చాలామంది వచ్చి చూసి విత్తనం తీసుకెళ్తున్నారు కానీ వేసినోళ్ళలో సగం మందికి సరిగ్గా రావట్లేదు, ఎక్కడ తప్పు పోతుందో నాకు తెలుసు ఎందుకంటే ఆ తప్పులన్నీ నేనూ చేశాను కాబట్టి, అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందు అసలు ఇది ఏ మొక్కో చూద్దాం. స్టైలో అంటే పప్పుజాతి పశుగ్రాసం. మన వైపు దొరికేది ఎక్కువగా స్టైలో హమాటా అనే రకం, కరీబియన్ దీవుల వైపు పుట్టిన మొక్క, ఆస్ట్రేలియా వాళ్ళు 1970ల్లో వెరానో అనే పేరుతో పచ్చిక బయళ్ళ కోసం విడుదల చేశారు, మన దేశంలో బీడు భూముల్లో, తోటల్లో అదే బాగా పాకింది. మెంతి ఆకులా మూడేసి ఆకులు ఉంటాయి కానీ సన్నగా కొస తేలి ఉంటాయి, పువ్వు చిన్నది, పసుపు రంగు. మోకాలి ఎత్తు, మంచి నేలలో ఇంకొంచెం ఎక్కువ పెరుగుతుంది. స్కాబ్రా అని ఇంకో రకం ఉంది, అది పొదలాగా కాండం గట్టిగా పెరిగి ఎండకి ఇంకా బాగా తట్టుకుంటుంది, బాగా పొడి ప్రాంతాలకి అది మంచిది. మన విశాఖ చుట్టుపక్కల వెయ్యి మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే చోట నేనైతే హమాటాకే ఓటేస్తాను.

వెయ్యాలని అనుకునేముందు మీ నేల ఎలాంటిదో చూసుకోండి. ఎర్రనేల, గరువు, ఇసుక కలిసిన నేల, కొండవాలు, ఇలాంటి చోట్ల స్టైలో బతికేస్తుంది, నేల కొంచెం పులుపుగా ఉన్నా పర్లేదు, భాస్వరం తక్కువ ఉన్నా బండి లాగించేస్తుంది. నీళ్ళు నిలబడే చోట మాత్రం వెయ్యొద్దు. వరిమడిలో వేద్దామనుకుంటే దానికి మన పెద్దోళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పిల్లిపెసరే సరైనది, కోతకి ముందు తడి ఉండగానే చేలో చల్లేస్తే వరి కోసేసరికి మొలిచి ఉంటుంది, పశువులకి మేతా అవుతుంది, మిగిలింది దున్నేస్తే ఎరువూ అవుతుంది. జీలుగ, జనుము వేరే లెక్క, అవి ఒక సీజన్‌లో పెరిగి దున్నెయ్యడానికి. ఏళ్ళ తరబడి అదే నేలలో ఉండి మేతగానూ పనికొచ్చేది కావాలంటే స్టైలో.

రెండోది నీడ. ఇది ఎండ కోరే మొక్క. జీడి చెట్లు 8 మీటర్ల దూరంలో ఉండి మధ్యలో ఎండ పడుతుంటే బాగా వస్తుంది, కొమ్మలు ఒకదానికొకటి తగిలి కింద చీకటిగా ఉండే ముదురు తోటలో వేస్తే మొక్క సన్నగా సాగి సాగి చచ్చిపోతుంది, డబ్బు దండగ. అలాంటి నీడలో ప్యూరేరియా, సెంట్రో లాంటి తీగజాతి కప్పు పంటలు నయం, రబ్బరు తోటల్లో వాళ్ళు వేసేది అవే, కాకపోతే అవి చెట్టు ఎక్కేస్తాయి, ఎప్పటికప్పుడు తీగ లాగుతూ ఉండాలి. ఆ పని చేసే ఓపిక, మనుషులు మా దగ్గర లేరు.

ఇప్పుడు విత్తనం సంగతి, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి ఎందుకంటే స్టైలో రాలేదు అనేవాళ్ళలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

విత్తనం పశుసంవర్ధక శాఖ వాళ్ళు గడ్డి విత్తనాలు ఇచ్చే టైంలో అడిగి చూడండి, మీ ఊరి పశువుల డాక్టర్‌కి ఏప్రిల్‌లోనే చెప్పి పెట్టండి. బయట కొంటే మాత్రం ఏ ఏడాది పంటదో అడగండి. నేను మొదటిసారి ఒక షాపులో కొన్నాను, సంచి మీద తేదీ లేదు, అడిగితే ఫ్రెష్ స్టాకే అన్నారు, వంద గింజలు నానబెట్టి చూస్తే పదకొండు మొలిచాయి. ఆ పదకొండులో విత్తనం తప్పు ఎంతో, నా తప్పు ఎంతో అప్పుడు తెలియలేదు. స్టైలో గింజ పైన పెంకు చాలా గట్టిగా ఉంటుంది, నీళ్ళు లోపలికి పోనివ్వదు. అది ఆ మొక్క బతకడానికి ఏర్పాటు, మే నెలలో ఒక గాలివాన పడగానే అన్ని గింజలూ మొలిచేస్తే తర్వాత ఎండకి అన్నీ చచ్చిపోతాయి కదా, అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, ఇలా విడతలుగా మొలుస్తాయి. మనకేమో అన్నీ ఇప్పుడే మొలవాలి. అందుకే వేడినీళ్ళ పని.

ఇలా చెయ్యండి. నీళ్ళు బాగా తెర్లే దాకా కాచి దించండి. 80 డిగ్రీల వేడి కావాలి, థర్మామీటర్ ఎవరింట్లోనూ ఉండదు కాబట్టి సుళువు చెప్తాను, మూడు చెంబుల మరిగే నీళ్ళలో ఒక చెంబు మామూలు కుండనీళ్ళు కలిపితే దాదాపు ఆ వేడికి వస్తుంది. గింజల్ని పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి ఆ నీళ్ళలో ముంచండి, నీళ్ళు గింజలకంటే నాలుగైదు రెట్లు ఉండాలి లేకపోతే ముంచగానే చల్లారిపోతాయి. 4 నుంచి 5 నిమిషాలు, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మాటల్లో పడి పది నిమిషాలు ఉంచితే గింజ ఉడికిపోతుంది. తీసిన వెంటనే చన్నీళ్ళలో వేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న చూస్తే తేడా మీకే తెలుస్తుంది, నీళ్ళు తాగిన గింజ ఉబ్బి కొంచెం మెత్తగా, గోరుతో నొక్కితే దిగుతుంది, తాగని గింజ నిన్న ఎలా ఉందో అలాగే ఇసుకరేణువులా గట్టిగా జారిపోతుంది. చేతిలో ఒక పిడికెడు వేసుకుని చూడండి, సగానికి పైగా ఉబ్బితే మీ పని సరిగ్గా జరిగినట్టే.

మొత్తం విత్తనానికి చేసేముందు వంద గింజలతో ట్రై చెయ్యండి. యాభై వేడినీళ్ళలో ముంచినవి, యాభై ముంచనివి, వేర్వేరు తడిగుడ్డల్లో చుట్టి వారం ఉంచి లెక్కపెట్టండి. రెంటిలోనూ మొలవకపోతే విత్తనమే పాతది, తిరిగి ఇచ్చెయ్యండి. వేడినీళ్ళ గుడ్డలో బాగా మొలిచి రెండో దాంట్లో మొలవకపోతే విత్తనం మంచిదే, పెంకే అడ్డు. నేను ఆ పదకొండు చూసి విసుగొచ్చి మిగతా విత్తనం వేడినీళ్ళు చూపించకుండానే ఒక మూలన చల్లేశాను, ఆ ఏడు అక్కడక్కడా పది మొక్కలు వచ్చాయి, మర్చిపోయాను, రెండో ఏడు జూన్‌లో అదే మూలన నారుమడి పోసినట్టు మొలిచింది. గింజ చావలేదు, నేలలో కూర్చుని టైం చూసుకుంది అంతే.

ఆ అనుభవంతో ఇప్పుడు నేను చేసేదేంటంటే విత్తనంలో ముప్పాతిక వంతు వేడినీళ్ళలో ముంచుతాను, పాతిక వంతు అలాగే ఉంచి రెండూ కలిపి చల్లుతాను. నానిన గింజ మొలిచాక వాన పదిహేను రోజులు మొహం చాటేస్తే ఆ మొలకలు పోతాయి, ముంచని గింజలు మాత్రం నేలలో ఉండి తర్వాతి వానకి లేస్తాయి. ఇది ఎవరూ చెప్పింది కాదు, మా తోటలో పనిచేసింది, మీకూ నష్టం ఉండదు.

ఎకరాకి ఎంత అంటే మొత్తం నేలంతా చల్లితే 4 కిలోలు, సాళ్ళలో వేస్తే రెండున్నర కిలోలు చాలు, సాలుకీ సాలుకీ మధ్య 30 సెంటీమీటర్లు అంటే జానెడున్నర. తోటలో చెట్ల పాదులు వదిలేసి మధ్యలోనే వేస్తాం కాబట్టి చల్లినా రెండున్నర, మూడు కిలోలకి మించి పట్టదు.

నేల తయారీకి పెద్దగా ఖర్చు పెట్టొద్దు. మే చివర్లో పడే వానకి ఒకసారి దున్ని వదిలేస్తే కలుపు గింజలు మొలుస్తాయి, జూన్‌లో ఇంకోసారి దున్నితే ఆ కలుపు చస్తుంది, మట్టి కాస్త మెత్తబడుతుంది, చాలు. వాలు ఉంటే వాలుకి అడ్డంగానే దున్నాలి, పైనుంచి కిందకి దున్నితే మీరే నీళ్ళకి దారి గీసినట్టు. నేను ఇంకో పని చేశాను, వాలు బాగా ఉన్న చోట మొత్తం దున్నకుండా అడ్డంగా మీటరు వెడల్పు పట్టీలు దున్ని మధ్యలో ఉన్న గడ్డి అలాగే ఉంచాను, స్టైలో పట్టీల్లో కుదురుకున్నాక రెండో ఏడు దానంతట అదే మధ్యలోకి పాకింది, మట్టి కూడా కొట్టుకుపోలేదు.

ఎరువుల్లో దీనికి కావాల్సింది భాస్వరం. పూర్తి సిఫార్సు హెక్టారుకి 60 కిలోల భాస్వరం, అంటే ఎకరాకి సూపర్ ఫాస్ఫేట్ 50 కిలోల బస్తాలు మూడు. పాదులు వదిలేసిన తోటకి రెండు బస్తాలు సరిపోతాయి, ఆఖరి దుక్కిలో చల్లండి, సూపర్‌లో గంధకం, కాల్షియం కూడా ఉంటాయి, పప్పుజాతికి అవి మంచివి. పశువుల ఎరువు ఉంటే ఎకరాకి ఒకటి రెండు ట్రాక్టర్లు తోలండి. పొటాష్ పది కిలోలు వేస్తే సరి. యూరియా నేను వెయ్యను, మొదట్లో కొంచెం వెయ్యమని పుస్తకాల్లో ఉంటుంది కానీ మన తోటల్లో యూరియా వేస్తే ముందు లేచేది గరిక, తుంగ, అవి లేచి చిన్న స్టైలో మొక్కల్ని తొక్కేస్తాయి. స్టైలోకి నత్రజని గాలిలోంచి తెచ్చుకునే ఏర్పాటు వేళ్ళలోనే ఉంది. నమ్మకం లేకపోతే రెండు నెలల మొక్క ఒకటి పారతో మట్టితో సహా లేపి నీళ్ళ బకెట్లో మెల్లిగా ఊపి కడగండి, చేత్తో లాగితే వేళ్ళు తెగి బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. సన్న వేళ్ళకి ఆవగింజలంత బుడిపెలు అంటుకుని ఉంటాయి, ఒకటి గోరుతో చిదిమి చూడండి, లోపల లేత ఎరుపుగా, గులాబీ రంగులో ఉంటే అది పనిచేస్తున్నట్టు, తెల్లగా ఆకుపచ్చగా ఉంటే ఇంకా లేదు. మొదటిసారి ఆ ఎరుపు చూసినప్పుడు మా ఆవిడని కేకేసి పిలిచి చూపించాను, నెత్తురు రంగు ఉందేంటండీ అంది, నిజమే, మన నెత్తురులో ఉండే లాంటి పదార్థమే ఆ రంగు ఇస్తుంది. ఎప్పుడైనా బొబ్బర్లు, పెసలు వేసిన నేలైతే ఈ బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే బ్యాక్టీరియా నేలలోనే ఉంటుంది. బాగా బోడినేలైతే బొబ్బర్లకి వాడే రైజోబియం ప్యాకెట్ (ఆ బ్యాక్టీరియాయే) తెచ్చి బెల్లం నీళ్ళతో గింజలకి పట్టించండి, వేడినీళ్ళ పని అంతా అయ్యి గింజ చల్లారాకే సుమా, నీడలో ఆరబెట్టి అదే రోజు చల్లెయ్యాలి.

ఎప్పుడు వెయ్యాలి అంటే తొందరపడకండి. రోహిణిలో ఒక వాన పడగానే వేస్తే మొలిచి మాడిపోతుంది, మిగిలినవి చీమలు మోసుకుపోతాయి, పుట్ట చుట్టూ గింజల పొట్టు కుప్ప కనిపిస్తే అర్థం చేసుకోండి. మృగశిర చివర్లోనో ఆరుద్రలోనో వానలు కుదురుకుని నేల జానెడు లోతు తడిశాక వెయ్యండి, పునర్వసు దాకా టైం ఉంటుంది. మేం జూన్ 25 తర్వాత చూసుకుని వేస్తాం. ఆగస్టు దాటితే వెయ్యొద్దు, మొక్క పూతకి వచ్చేలోపు పెరిగే టైం చాలదు.

విత్తనం చల్లే రోజు గింజల్ని నాలుగైదు రెట్లు పొడి ఇసుకలో కలపండి, గింజ చిన్నది కాబట్టి ఒట్టిగా చల్లితే ఒకచోట గుప్పెడు పడి ఇంకోచోట ఏమీ పడదు. సగం తూర్పు పడమరగా, మిగతా సగం ఉత్తరం దక్షిణంగా చల్లండి. ఆ తర్వాత గుంటక తోలకండి, దయచేసి తోలకండి. గింజ సెంటీమీటరు కంటే లోతుకి పోతే పైకి రాలేదు, అంత చిన్న గింజలో ఎంత బలం ఉంటుంది. ఒక ముళ్ళకంప కొమ్మ తాడుకట్టి పైపైన ఈడ్చండి చాలు, లేదంటే గొర్రెల మందని ఒకసారి అటూ ఇటూ నడిపించండి, డెక్కలకి గింజ మట్టిలో అదుముకుంటుంది. చెట్టు మొదలు చుట్టూ మీటరు, మీటరున్నర దాకా అసలు చల్లొద్దు. చెట్టుకి వేసే ఎరువు, నీళ్ళు దీనికి పోతాయి, మూడేళ్ళలోపు లేత అంట్లకైతే ఇది ఇంకా ముఖ్యం.

వేశాక నెలన్నర దాకా తోట చూస్తే ఏడుపొస్తుంది, ముందే చెప్తున్నాను. స్టైలో మొదట్లో పైకి పెరగదు, కింద వేరు దించుకుంటూ ఉంటుంది, పైన వేలెడు మొక్క కనిపిస్తుంది, చుట్టూ కలుపు మాత్రం మోకాలెత్తు లేస్తుంది. అప్పుడు చాలామంది ఇది రాలేదులే అని దున్నేస్తారు. వంగి కూర్చుని కలుపు పక్కకి తీసి చూడండి, అడుగుకి రెండు మూడు మొక్కలు ఉన్నా చాలు. కలుపు పీకొద్దు, పీకితే తడినేలలో పక్కనున్న స్టైలో కూడా లేచొచ్చేస్తుంది, కొడవలితో స్టైలో తలల పైనుంచి కలుపుని కోసెయ్యండి, కోసింది అక్కడే పడెయ్యండి లేదా పశువులకి వెయ్యండి. ఇలా ముప్పై రోజులకి ఒకసారి, యాభై అరవై రోజులకి ఒకసారి. వయ్యారిభామ మాత్రం వేరుతో పీకండి, అది పూతకి రాకముందే, చేతికి కవరు తొడుక్కుని. ఆగస్టు చివరికి స్టైలో అందుకుంటుంది, సెప్టెంబర్ వానలకి ఒక్కసారిగా పక్కలకి కొమ్మలేసి నేల కనపడకుండా కప్పేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. సెప్టెంబర్, అక్టోబర్‌లో తోట పచ్చగా మోకాలెత్తు మేతతో నిండి ఉంటుంది, ఇంట్లో ఆవులు ఎండుగడ్డి నములుతూ ఉంటాయి, చెయ్యి ఊరుకోదు. ఆగండి. మొదటి ఏడాది ఆ మేత మీది కాదు, నేలది. పుస్తకాల్లో 75 రోజులకి మొదటి కోత కొయ్యొచ్చు అని ఉంటుంది, నీళ్ళు పెట్టి మడిలో వేసుకున్నవాళ్ళకి అది కరెక్టే, వాన మీద తోటలో ఏళ్ళ తరబడి ఉండాలని వేసుకున్నవాళ్ళకి కాదు. హమాటా మొక్క ఒక్కొక్కటి రెండు మూడేళ్ళకి మించి ఉండదు, మన ఎండలకి చాలా మొక్కలు మొదటి వేసవిలోనే పోతాయి. తోటలో అది ఏళ్ళ తరబడి కనిపించడానికి కారణం రాలిన గింజ. అక్టోబర్, నవంబర్‌లో పూసి డిసెంబర్‌లో గింజ రాల్చుకోనిస్తే వచ్చే ఏడు జూన్‌లో మీరు ఒక్క గింజ కొనకుండా చల్లకుండా అంతకు పదింతల మొక్కలు మొలుస్తాయి. పూతలో కోసేస్తే ఆ మేత మీకు మూడు వారాలు వస్తుంది, వచ్చే ఏడు మళ్ళీ కలుపే మిగులుతుంది. మా బంధువులు ఒకరు సబ్బవరం వైపు నాతోపాటే వేశారు, మొక్క నాకంటే బాగా వచ్చింది, అక్టోబర్‌లో మొత్తం కోసి ఆవులకి వేశారు, రెండో ఏడు వాళ్ళ చేలో గట్టు పక్కన కోత అందని చోట తప్ప ఇంకెక్కడా లేదు.

బయటి పశువుల సంగతి ఇంకా కష్టం. పంటలు అయిపోయాక ఊళ్ళో పశువుల్ని విడిచిపెడతారు కదా, మేకలకి ఈ పచ్చదనం ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. కంప వెయ్యండి, వెయ్యడంతోపాటు మనుషులతో మాట్లాడండి, అది ఎక్కువ పనిచేస్తుంది. మా పక్కన మేకలు మేపే తాత వచ్చి "ఏటి బాబూ, గడ్డికి కూడా కాపలా కాస్తన్నావేటి" అన్నాడు, "ఈ ఒక్క ఏడూ ఆగు తాతా, గింజ రాలనీ, వచ్చే ఏడు నుంచి గట్టు పక్కది నువ్వే కోసుకెళ్దువుగాని" అన్నాను. ఆగాడు. మాట ప్రకారం ఇప్పుడు కోసుకెళ్తున్నాడు.

గింజ రాలాక జనవరిలో మొక్క ముదిరి కాడలు ఎర్రబడతాయి, అప్పుడు ఆవుల్ని రోజూ ఒక పూట తోలొచ్చు, లేదా అర జానెడు ఎత్తు వదిలి కోసుకోవచ్చు. జీడితోట ఉన్నోళ్ళు ఇది తప్పకుండా చెయ్యాలి, ఫిబ్రవరి చివరికల్లా చెట్ల కింద శుభ్రంగా ఉండాలి, ఎందుకంటే మార్చి నుంచి గింజ రాలడం మొదలైతే గుబురు స్టైలోలో పడ్డ జీడిగింజ దొరకదు, ఏరే ఆడవాళ్ళు తిట్టుకుంటారు, పైగా అంత గుబురులో చెయ్యి పెట్టాలంటే పాముల భయం. చెట్టు గొడుగు కింద మొత్తం కోసి ఆ కోసిన దాంట్లో కొంత పాదుల్లో పరవండి, మే దాకా పాదు తడి ఆరకుండా కాస్తుంది. ఇంకోటి నిప్పు. వేసవిలో ఎండిన స్టైలో భగ్గుమంటుంది, రోడ్డు వైపు, కొండ వైపు రెండు మీటర్లు చెక్కేసి బోడిగా దారిలా ఉంచండి. కొండకి ఎవరో నిప్పు పెడితే అది మన తోట దాకా రాకుండా ఆగేది అక్కడే.

రెండో ఏడు నుంచి పని తక్కువ. తొలకరికి గింజలు మొలుస్తాయి, బతికున్న పాత మొక్కలు చిగురేస్తాయి, ఆరు నుంచి ఎనిమిది వారాలు వదిలెయ్యండి, తర్వాత తోటని మూడు నాలుగు ముక్కలుగా అనుకుని ఒక్కో ముక్క కోసుకుంటూ పోండి, మళ్ళీ మొదటి ముక్కకి వచ్చేసరికి నెలన్నర అవుతుంది, ఈలోపు అది మళ్ళీ లేస్తుంది. ఎప్పుడు కోసినా అర జానెడు వదలండి, నేలకి ఆనించి కోస్తే చిగురేసే కణుపులు పోతాయి. ఏటా ఏదో ఒక ముక్క అక్టోబర్ నుంచి ముట్టుకోకుండా గింజకి వదలండి, ఈ ఏడు ఒక ముక్క, వచ్చే ఏడు ఇంకో ముక్క. పశువుల్ని నేరుగా తోలి మేపేవాళ్ళు ఒకటి గమనిస్తారు, వానాకాలంలో ఆవు పచ్చగడ్డినే ఏరుకుని తింటుంది, స్టైలో జోలికి పెద్దగా పోదు. కంగారుపడొద్దు, అది మంచిదే, గడ్డి తగ్గి స్టైలోకి చోటు దొరుకుతుంది, గడ్డి ముదిరి ఎండే టైంకి ఆవులు దీని మీద పడతాయి. పేడలో కూడా గింజలు బయటికొచ్చి మొలుస్తాయి, మా పెంట పోసిన చోటల్లా స్టైలో లేచింది.

పశువుకి ఒక్క స్టైలోనే పెట్టకండి. ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, పూతకి వచ్చే ముందు కోసిన స్టైలోలో 12 నుంచి 18 శాతం దాకా ఉంటాయి, అందుకని మూడు వంతుల మేతలో ఒక వంతు స్టైలో, రెండు వంతులు నేపియర్ గడ్డో వరిగడ్డో కలిపి పెడితే రెండూ బాగా అరుగుతాయి. కొత్తలో మా పెద్దావు వాసన చూసి మొహం తిప్పేసింది, ముక్కలు కోసి నేపియర్‌లో పిడికెడు పిడికెడు కలుపుతూ పది రోజులు అలవాటు చేశాం. లూసర్న్ అనే పప్పుజాతి మేత తిన్నప్పుడు వచ్చే కడుపుబ్బరం దీనితో రాదు, అయినా ఖాళీ కడుపుతో ఉన్న పశువుని ఒక్కసారి కొత్త మేతలోకి తోలడం ఏ మేతకీ మంచిది కాదు. మాకు తెలకపిండి పూర్తిగా మానలేదు, తగ్గింది. మిగిలిన మేత ఎండబెట్టి దాచుకోవాలంటే నీడలో పల్చగా ఆరబెట్టండి, ఎండలో వేసి మధ్యాహ్నం తిరగేస్తే ఆకంతా రాలిపోయి పుల్లలు మిగులుతాయి, బలం ఉన్నది ఆకులోనే. పొద్దున్నే మంచు తడి ఉండగా తిరగెయ్యండి.

జబ్బు అంటే ఒకటే, ఆంత్రాక్నోస్. ఆకు మీద, కాడ మీద గోధుమరంగు, నల్ల మచ్చలు వస్తాయి. ఆస్ట్రేలియాలో ముందు బాగా వేసిన టౌన్స్‌విల్ స్టైలో అనే రకాన్ని 1970ల్లో ఈ తెగులే తుడిచిపెట్టేసింది, ఆ తర్వాతే అక్కడ వెరానో, సెకా రకాలు ఎక్కువయ్యాయి. హమాటా కొంత తట్టుకుంటుంది, మచ్చలు కనపడ్డ చోట కోసి పశువులకి వేసి గాలి ఆడనిస్తే చాలు, మందు కొట్టాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు. మేత మీద మందు కొట్టొద్దు కూడా.

పక్క చేలో వేరుశనగ, నువ్వులు వేసేవాళ్ళు ఉంటే వాళ్ళ వైపు గట్టు మీద రెండు మీటర్లు స్టైలో పూతకి రాకుండా కోస్తూ ఉండండి, మనకి మేత అయింది వాళ్ళకి కలుపు అవుతుంది, దున్నితే పోతుంది కానీ మాట పడటం ఎందుకు.

ఆఖరికి విత్తనం దాచుకోవడం. గింజ మొక్క మీద ఆగదు, పండింది పండినట్టు రాలిపోతుంది, అందుకే కోసి నూర్చడం కుదరదు, అనంతపురం వైపు స్టైలో విత్తనం పండించేవాళ్ళు నేలే ఊడుస్తారు, మేమూ అంతే. జనవరిలో గింజకి వదిలిన ముక్కలో పైన మొక్క కోసేసి, చీపురుతో నేల ఊడ్చి, చేటతో చెరిగి, జల్లెడ పట్టండి. కాయకి చివర చిన్న కొక్కెం ఉంటుంది, ఒకదానికొకటి అల్లుకుని ఉండలు కడతాయి, గోనెపట్టా మీద వేసి చెప్పుకాలితో రుద్దితే విడిపోతాయి. రెండు రోజులు ఎండలో ఆరబెట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పొయ్యండి, పైన ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు. డబ్బా మీద ఏ ఏడాది, ఏ నెలలో ఊడ్చారో రాసి పెట్టుకోండి, జూన్‌లో ఎవరైనా విత్తనం అడిగితే ముందు అది చూసి, వంద గింజలు పైన చెప్పినట్టు తడిగుడ్డల్లో వేసి లెక్కపెట్టాకే ఇవ్వండి.